కాలి గాయం మానేదాకా
(సంస్థ వార్షిక సభలో వైద్య సహాయ విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)





వైద్య సహాయ విభాగంలో పనిచేసే మాలో డాక్టర్లు ఎవరూ లేరు. బడిలో పాఠాలు చెప్పేవాళ్ళం, చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్ళం, రిటైరైన ఉద్యోగులం. కాబట్టి ఈ రోజు చెప్పబోయేది వైద్య సలహా కాదు. డాక్టర్లను అడిగి తెలుసుకున్నది, చదివి అర్థం చేసుకున్నది, రోగుల ఇళ్ళకు వెళ్ళినప్పుడు కళ్ళారా చూసింది మీ ముందు పెడతాం. చివర్లో ఒక విన్నపం చేస్తాం.

మన దగ్గరికి సహాయం కోసం వచ్చే దరఖాస్తుల్లో గుండె జబ్బులవి ఎప్పుడూ ఉంటాయి. 'బైపాస్' అనే మాట ఇప్పుడు పల్లెల్లో కూడా అందరికీ తెలుసు. ఫలానా ఆయనకు బైపాస్ అయిందంటే, ఛాతీ కోశారని అందరికీ అర్థమవుతుంది. చూడ్డానికి వెళ్ళినవాళ్ళు కూడా గుండె ఎలా ఉందనే అడుగుతారు. కాలు ఎలా ఉందని అడిగేవారు తక్కువ. బైపాస్ చేయించుకున్న మనిషి ఒంటి మీద సాధారణంగా రెండు గాయాలుంటాయి. ఒకటి ఛాతీ మీద, ఇంకొకటి కాలి మీద. ఈ రోజు మా మాటలన్నీ ఆ రెండో గాయం గురించే.

ముందు ఆపరేషన్ సంగతి చూద్దాం. గుండె ఒళ్ళంతటికీ రక్తం పంపుతుంది. కానీ తన లోపల నిండా ఉన్న రక్తం నుంచి అది తన ఆహారం తీసుకోలేదు. దానికి రక్తం అందించే ధమనులు వేరుగా ఉన్నాయి. వాటిని కరొనరీ ధమనులంటారు. వాటిలో కొవ్వు పేరుకుని దారి సన్నబడితే గుండె కండరానికి రక్తం చాలదు. అప్పుడు మూసుకుపోయిన చోటును అలాగే వదిలేసి, దాని ముందు నుంచి దాని అవతలికి కొత్త గొట్టం అతుకుతారు. ఊరి మధ్య రోడ్డు ఇరుకైతే ఊరి బయట నుంచి బైపాస్ రోడ్డు వేసినట్టే ఇది. పేరు కూడా అందుకే వచ్చింది.

ఆ గొట్టం ఎక్కడి నుంచి వస్తుంది? రోగి ఒంట్లో నుంచే తీస్తారు. ఛాతీ గోడ లోపలి వైపున్న ధమని ఒకటి అందుకు వాడతారు. గుండె ముందు భాగంలోని ముఖ్యమైన ధమనికి దాన్ని అతికితే చాలా ఏళ్ళు చక్కగా పనిచేస్తుంది. ముంజేతి ధమనిని కూడా వాడతారు. కానీ మూడు, నాలుగు అతుకులు వేయాల్సి వచ్చినప్పుడు ఎక్కువగా కాలి లోపలి వైపున్న పొడుగాటి సిర మీదే ఆధారపడతారు. అది చీలమండ దగ్గర మొదలై, పిక్క లోపలి వైపు నుంచి మోకాలు దాటి, తొడ మీదుగా గజ్జ దాకా వెళుతుంది. మనవాళ్ళు "కాలి నరం తీసి గుండెకు వేశారు" అంటారు కదా, ఆ నరం ఇదే. నిజానికి అది రక్తాన్ని గుండె వైపు మోసుకెళ్ళే సిర.

ఈ సిరను డాక్టర్లు సఫీనస్ అంటారు. ఇబ్న్ సీనా తన 'అల్ ఖానూన్'లో దీన్ని 'సాఫిన్' అన్నారు. యూరప్ వాళ్ళ మాట ఆ అరబ్బీ మాట నుంచే వచ్చిందని కొందరు పండితులంటారు, గ్రీకు మాట నుంచి వచ్చిందని మరికొందరంటారు. అది ఎలా ఉన్నా, గుండె తన ఆహారాన్ని తన కండరంలో వ్యాపించిన నాళాల నుంచే తీసుకుంటుందని 13వ శతాబ్దంలోనే రాసినవారు ఇబ్న్ అల్ నఫీస్. ఆయన డమాస్కస్‌లో చదువుకుని కైరోలో వైద్యం చేశారు. ఆయన పేరు మళ్ళీ ప్రస్తావిస్తాం.

కాలి సిరతో బైపాస్ చేసే పద్ధతిని ప్రపంచమంతటికీ అందుబాటులోకి తెచ్చిన సర్జన్ రెనె ఫావలోరో. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో 1967 మే నెలలో ఆయన ఈ ఆపరేషన్ చేశారు. ఆయన అర్జెంటీనా మనిషి. అమెరికా వెళ్ళకముందు సుమారు 12 ఏళ్ళు హసింతో అరావుస్ అనే చిన్న ఊళ్ళో పల్లె డాక్టరుగా పనిచేశారు. అవసరమైనప్పుడు వచ్చి రక్తమిచ్చేలా ఊరివాళ్ళనే సిద్ధం చేసి పెట్టుకున్నారు. గొప్ప పేరు వచ్చాక కూడా 1971లో స్వదేశానికే తిరిగి వెళ్ళారు. మన దేశంలో 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం. చెరియన్ మొదటి బైపాస్ చేశారు. ఒకప్పుడు ధనవంతులకే అందిన ఈ చికిత్స, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక మన తెలుగు నేల మీద రిక్షా తొక్కేవారికీ అందింది. అల్‌హమ్దులిల్లాహ్, ఇది చిన్న విషయం కాదు.

ఇక కాలి దగ్గరకొద్దాం. ఆపరేషన్ గదిలో ఒకరు ఛాతీ తెరుస్తుంటే, అదే సమయంలో ఇంకొకరు కాలి దగ్గర సిర తీస్తుంటారు. ఒక్కో అతుకుకు సుమారు జానెడు సిర కావాలి. రెండు మూడు అతుకులంటే మూర పొడుగు దాకా తీయాలి. సిరలో రక్తం కిందికి జారకుండా చిన్న చిన్న కవాటాలుంటాయి. అందుకే గుండెకు అతికేటప్పుడు సిరను తలకిందులు చేసి అతుకుతారు. లేకపోతే ఆ కవాటాలే రక్తానికి అడ్డుపడతాయి.

ఇంటివాళ్ళు మమ్మల్ని మొదట అడిగే ప్రశ్న ఒకటే. "కాలి నరం తీసేస్తే కాలు పడిపోదా?" పడిపోదు. కాలి రక్తంలో ఎక్కువ భాగాన్ని కండరాల లోపలున్న పెద్ద సిరలు పైకి తీసుకెళతాయి. ఇది చర్మం కిందనే ఉండే పై సిర. దీన్ని తీసినా లోపలివి పని నడిపిస్తాయి. కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు పాదం, పిక్క వాస్తాయి. సిర పక్కనే వెళ్ళే స్పర్శ నాడి కాస్త దెబ్బ తినడం వల్ల చీలమండ లోపలి వైపు తిమ్మిరిగా ఉండొచ్చు. వీటికి భయపడనక్కర్లేదు. కానీ డాక్టరుకు చెప్పాలి.

సిర తీసే పద్ధతులు ముఖ్యంగా మూడు. మొదటిది పాత పద్ధతి. చీలమండ నుంచి పైకి, ఎంత సిర కావాలో అంత పొడుగునా చర్మాన్ని కోస్తారు. సిర మొత్తం కళ్ళ ముందు కనబడుతుంది, ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. కానీ గాయం పొడుగు, కుట్లు ఎక్కువ. రెండోది, ఒకే పెద్ద కోతకు బదులు మధ్య మధ్య చర్మం వదిలేసి మూడు నాలుగు చిన్న కోతలు పెట్టడం. మూడోది కెమెరా పద్ధతి. మోకాలి దగ్గర రెండు మూడు సెంటీమీటర్ల కోత పెట్టి, సన్నని గొట్టం లాంటి కెమెరా లోపలికి పంపి, కార్బన్ డయాక్సైడ్ వాయువుతో చోటు చేసుకుని, తెర మీద చూస్తూ సిరను విడదీసి బయటికి లాగుతారు. దీన్నే ఎండోస్కోపిక్ పద్ధతి అంటారు. 1990ల మధ్య నుంచి ఇది వ్యాపించింది.

కెమెరా పద్ధతిలో గాయం చిన్నది కాబట్టి నొప్పి తక్కువ, చీము పట్టడం తక్కువ. మరి సిర నాణ్యత సంగతేమిటి? లాగేటప్పుడు సిర లోపలి పొర నలిగితే అది గుండె దగ్గర తొందరగా మూసుకుపోవచ్చు కదా? ఈ అనుమానం డాక్టర్లకే వచ్చింది. 2009లో ఒక పెద్ద వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణలో, కెమెరాతో తీసిన సిరలు ఎక్కువగా మూసుకుపోయినట్టు తేలింది. దాంతో చాలామంది వెనకాడారు. తరవాత అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులు 16 కలిసి 1,150 మంది రోగులతో పరీక్ష చేశాయి. చీటీ వేసినట్టు సగం మందికి పాత పద్ధతి, సగం మందికి కెమెరా పద్ధతి కేటాయించారు. సిర తీసినవాళ్ళంతా బాగా అనుభవమున్నవాళ్ళే. 2019లో అచ్చయిన ఫలితం ప్రకారం, మరణం, గుండెపోటు, మళ్ళీ చికిత్స అవసరం కావడం అనే మూడూ కలిపి చూస్తే రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. కాలి గాయంలో చీము పట్టినవాళ్ళు మాత్రం పాత పద్ధతిలో 3.1 శాతం, కెమెరా పద్ధతిలో 1.4 శాతం.

ఈ లెక్కల్లో మనం గమనించాల్సినవి రెండున్నాయి. ఒకటి, పద్ధతి ఎంత ముఖ్యమో చేసే చెయ్యి అంతే ముఖ్యం. అనుభవం లేని చేతిలో కెమెరా ఉండి లాభం లేదు. రెండు, గుండెకు మంచిదైనది కాలికీ మంచిదై తీరాలని లేదు. స్వీడన్‌లోని ఒరెబ్రోలో డొమింగోస్ సౌజా అనే సర్జన్ 1990లలో, సిరను చుట్టూ ఉన్న కొవ్వుతో సహా ముట్టుకోకుండా తీసే పద్ధతి తెచ్చారు. అలా తీసిన సిర గుండె దగ్గర ఎక్కువ కాలం తెరిచి ఉంటుందని అక్కడి పరిశోధనలు చూపాయి. కానీ కాలి నుంచి కొవ్వు కూడా తీయడం వల్ల కాలి గాయం మానడం కష్టమవుతుంది. కాబట్టి ఏ పద్ధతి మంచిదో మనం ఇక్కడ కూర్చుని తేల్చలేం. అది సర్జన్ నిర్ణయం. కెమెరా పరికరాలకు విడిగా ఖర్చవుతుంది, అందులో కొన్ని ఒకసారి వాడి పారేసేవి. అందుకే మన దగ్గర చాలా ఆసుపత్రుల్లో, ముఖ్యంగా పేదవాళ్ళకు, ఇప్పటికీ పొడుగు కోతే పెడుతున్నారు. పొడుగు కోత పెట్టినా కాలు చక్కగా మానుతుంది, రోగికి తరవాత సంరక్షణ దొరికితే.

ఇప్పుడు గాయం మానే తీరు చూద్దాం. మొదట రక్తం గడ్డకట్టి కోత మూసుకుంటుంది. తరవాత కొన్నాళ్ళు ఒంట్లోని రక్షక కణాలు వచ్చి చెత్తను, సూక్ష్మజీవులను ఊడ్చేస్తాయి. అప్పుడు కాస్త ఎరుపు, వేడి, వాపు ఉంటాయి. ఆ తరవాత కొత్త కండ, కొత్త రక్తనాళాలు పుడతాయి. చివరగా ఆ కొత్త కండ గట్టిపడుతుంది. ఇది నెలల తరబడి సాగే పని. మూడు వారాలకు గాయానికి వచ్చే బలం మామూలు చర్మపు బలంలో ఐదో వంతు మాత్రమే. ఎన్నాళ్ళు గడిచినా 80 శాతానికి మించి రాదు. కుట్లు తీశారంటే గాయం మానిందని ఇంటివాళ్ళు అనుకుంటారు. కుట్లు తీయడమంటే పసిపిల్లాడి చేయి వదిలి నడవమనడం. పక్కన మనిషి ఉండాల్సిన సమయం అది.

ఛాతీ గాయం కన్నా కాలి గాయం ఎందుకు మొండికేస్తుంది? కాలు గుండెకు దూరం. గుండె ధమనులు మూసుకుపోయిన మనిషికి కాలి ధమనులు కూడా సన్నబడి ఉండే అవకాశం ఎక్కువ. నిలబడినా, కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నా నీరు కిందికి దిగి వాపు వస్తుంది. వాచిన చర్మం కుట్ల దగ్గర లాగుతుంది. సిర చుట్టూ ఉన్న కొవ్వు పొరకు రక్తం తక్కువ, అది తొందరగా కోలుకోదు. దీనికి షుగరు తోడైతే చెప్పనక్కర్లేదు. షుగరు ఎక్కువగా ఉన్న రక్తంలో రక్షక కణాలు మందగిస్తాయి, సన్నని నాళాలు పాడవుతాయి, స్పర్శ తగ్గి నొప్పి తెలియదు. బీడీ, సిగరెట్టు తాగితే నాళాలు ముడుచుకుని గాయానికి ప్రాణవాయువు అందదు. ఒళ్ళు ఎక్కువగా ఉన్నవారికి, ఆడవారికి కాలి గాయం ఇబ్బంది ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి.

ఆడవారి మాట వచ్చింది కాబట్టి మేము చూసింది ఒకటి చెప్పాలి. ఒక తల్లికి ఆపరేషన్ బాగా జరిగింది. ఇంటికి వచ్చాక తొడ లోపలి వైపు కుట్ల దగ్గర తడి కనిపించింది. డ్రెస్సింగ్ చేసే కుర్రవాడికి చూపించడానికి ఆమెకు మొహమాటం. కొడుక్కి చెప్పడానికి సిగ్గు. కోడలికి చెబితే ఆమె పసుపు, కొబ్బరినూనె కలిపి పెట్టింది, ప్రేమతోనే. పది రోజులకు జ్వరం వచ్చాక మాకు కబురందింది. మళ్ళీ ఆసుపత్రిలో చేర్చి, కుట్లు విప్పి, శుభ్రం చేసి, లోపలి నుంచి కండ పూడేదాకా రోజూ కట్టు మార్చాల్సి వచ్చింది. గుండెకు ఏ లోటూ లేదు. కాలు ఆమెను రెండు నెలలు మంచాన పెట్టింది. ఆమె ఇళ్ళకు టిఫిన్లు చేసి పంపి సంసారం నడిపే మనిషి. ఆ రెండు నెలలూ ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో అల్లాహ్‌కే తెలుసు.

ఇలాంటి ఇళ్ళలో ఆపరేషన్‌కు కావలసిన లక్షల సంగతి ప్రభుత్వ పథకం చూసుకుంది. ఆగింది చిన్న చిన్న వాటి దగ్గర. రోజూ గాజుగుడ్డ, ప్లాస్టరు కొనడం. వారానికోసారి పల్లె నుంచి పట్నానికి ఆటోలో వెళ్ళిరావడం, ఎందుకంటే కుట్లున్న మనిషిని కిక్కిరిసిన బస్సెక్కించలేరు. తోడు వెళ్ళినవాడి కూలి పోవడం. షుగరు చూసుకునే పట్టీలు ఇంట్లో లేకపోవడం. గుడ్డు, పప్పు, చేప లాంటి మాంసకృత్తులున్న తిండి గాయం మానడానికి అవసరమని డాక్టరు రాసి ఇస్తే, ఆ కాగితం గూట్లో ఉండిపోవడం. గాయం తెరుచుకునేది ఇదిగో ఇక్కడే.

దాతలుగా మీలో చాలామంది యాభై దాటినవారు. షుగరు, బీపీ మన ఇళ్ళకు కొత్త కాదు. కాబట్టి ఇప్పుడు చెప్పేవి రోగులకోసమే కాక మీ ఇంటికోసం కూడా వినండి.

డాక్టరు అనుమతించాక కాలి గాయాన్ని రోజూ మామూలు సబ్బు, శుభ్రమైన నీళ్ళతో మెల్లగా కడిగి, రుద్దకుండా అద్ది ఆరబెట్టాలి. తొట్టిలో, చెరువులో నానబెట్టకూడదు. పసుపు, బూడిద, నూనె, కాఫీపొడి, ఆకు పసరు, ఊదిన నీళ్ళు, ఏవీ గాయం మీద పెట్టకూడదు. దుఆ చేయించుకోండి, తప్పు లేదు, కానీ గాయం మీద ఏమీ పూయనివ్వకండి. కూర్చున్నప్పుడు కాలు స్టూలు మీద ఎత్తి పెట్టాలి. కాలు మీద కాలు వేసుకోకూడదు. అదే పనిగా పడుకోకుండా డాక్టరు చెప్పినంత దూరం రోజూ నడవాలి. బిగుతు మేజోళ్ళు వాడమంటే వాడాలి. షుగరు రాసి పెట్టుకోవాలి. ఆసుపత్రిలో ఇన్సులిన్‌తో అదుపులో పెట్టిన షుగరు, చూడ్డానికి వచ్చినవాళ్ళు తెచ్చిన మిఠాయిలతో పెరిగిపోవడం మేము చూస్తూనే ఉన్నాం. పరామర్శకు వెళ్ళేటప్పుడు మిఠాయి డబ్బా బదులు డజను గుడ్లు తీసుకెళ్ళండి. బీడీ, సిగరెట్టు, గుట్కా పూర్తిగా మానాలి.

వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సిన గుర్తులు కొన్నున్నాయి. గాయం చుట్టూ ఎరుపు రోజురోజుకూ పాకడం. చీము, దుర్వాసన. కుట్ల అంచులు విడిపోవడం. తగ్గుతున్న నొప్పి మళ్ళీ పెరగడం. జ్వరం, చలి. పిక్క గట్టిపడి నొప్పిగా వాచిపోవడం, ఎందుకంటే అది లోపలి సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు. వీటిలో ఏదైనా కనిపిస్తే వచ్చే వారం తేదీ కోసం ఆగకూడదు. ఆయాసం, ఛాతీ నొప్పి ఉంటే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు.

నమాజు గురించి కూడా మమ్మల్ని అడుగుతుంటారు. నిలబడలేనివారు కూర్చుని, వంగలేనివారు సైగతో చదవవచ్చని మనందరికీ తెలుసు. అయినా పెద్దవాళ్ళు పట్టుదలకు పోయి నేల మీద సజ్దా చేస్తారు. చీల్చి అతికిన ఛాతీ ఎముకకు ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. కాలు మడిచి కూర్చుంటే మోకాలి దగ్గర కుట్లు లాగుతాయి. కాబట్టి డాక్టరు సరే అనేదాకా కుర్చీ మీదే. తడపకూడని కట్టు మీద తడిచేతితో మసహ్ చేసే వెసులుబాటు షరీఅత్‌లో ఉంది. రోగికి రోజా విషయంలో సడలింపు ఉంది. వివరాలు మీ ఇమాం సాహెబ్‌ను అడగండి. ఈ విషయం జుమా రోజున ఒక్క మాట చెబితే ఎన్నో కాళ్ళు బాగుపడతాయని వేదిక మీది ఉలమాలకు మా మనవి.

ఇందాక ఇబ్న్ అల్ నఫీస్ పేరు మళ్ళీ ప్రస్తావిస్తామన్నాం. కైరోలో 1284లో సుల్తాన్ ఖలావూన్ ఒక పెద్ద ఆసుపత్రి కట్టించారు. దాన్ని మన్సూరీ ఆసుపత్రి అంటారు. దాని ఖర్చులన్నీ వక్ఫ్ ఆస్తుల రాబడి మీదే నడిచాయి. 1288లో చనిపోయిన ఇబ్న్ అల్ నఫీస్ తన ఇంటిని, పుస్తకాలను ఆ ఆసుపత్రికే రాసి ఇచ్చారు. ఆ ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళే రోగికి కొంత డబ్బు ఇచ్చి పంపేవారని చరిత్రకారులు చెబుతారు. బలం పుంజుకోకముందే కూలి కోసం పరుగెత్తకూడదని వారి ఆలోచన. ఆసుపత్రి గుమ్మం దాటితే చికిత్స అయిపోయినట్టు కాదని ఏడు వందల ఏళ్ళ కిందటి ఆ వక్ఫ్‌దారులకు తెలుసు.

మా విన్నపం కూడా అదే. దాతలు రసీదు రాయించుకునేటప్పుడు "గుండె ఆపరేషన్‌కు" అని రాయమంటారు. మంచి ఉద్దేశమే. "కాలి కట్టుకు" అని రాయమనేవారు మాత్రం అరుదు. గాజుగుడ్డకు, ఆటో కిరాయికి ఇచ్చిన డబ్బు చూడ్డానికి చిన్నదిగా ఉంటుంది. కానీ గుండెకు వేసిన లక్షల విలువైన అతుకును ఇంటిదాకా కాపాడేది ఆ చిన్న డబ్బే.

ఈ ఏడాది నుంచి బైపాస్ అయిన ప్రతి పేద రోగికీ ఆరు వారాల సంరక్షణ ఏర్పాటు చేయాలని కమిటీ ముందు ప్రతిపాదన పెట్టాం. ఆరు వారాలంటే 42 రోజులు. ఇందులో నాలుగు పనులున్నాయి. ఒకటి, కట్టు సామాను, షుగరు పట్టీలు ఇంటికి చేర్చడం. రెండు, డాక్టరు చెప్పిన తేదీలకు ఆటో ఏర్పాటు. మూడు, ఇంటికి సరుకులు, అందులో గుడ్లు, పప్పు తప్పనిసరి. నాలుగు, అన్నిటికన్నా ముఖ్యమైనది, శిక్షణ పొందిన ఒక నర్సమ్మ వారానికి రెండుసార్లు ఇంటికి వెళ్ళి గాయం చూడడం, ఇంట్లో ఒకరికి కట్టు మార్చడం నేర్పడం. ఆడ రోగుల దగ్గరికి ఆడ మనిషే వెళ్ళాలి. ఆ తల్లి లాంటివాళ్ళు సిగ్గు వల్ల గాయం దాచుకోవాల్సిన పరిస్థితి రాకూడదు.

ఒక దాత ఒక రోగి 42 రోజుల భారం మొత్తం తీసుకోవచ్చు. నలుగురు కలిసి పంచుకోవచ్చు. జకాత్ సొమ్మును దానికి అర్హులైన పేద రోగులకే వాడతాం, మిగతావారికి సదఖా, లిల్లాహ్ సొమ్ము వాడతాం. రెండు లెక్కలూ విడివిడిగా ఉంటాయి, ఎవరైనా ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు. గల్ఫ్ నుంచి డబ్బు పంపే సోదరులు కూడా తమ సొమ్ము ఏ పనికి వెళ్ళాలో రాయవచ్చు. రోగి పేరు, ఫొటో మాత్రం ఎవరికీ ఇవ్వం. సహాయం పొందినవారి పరువు మన దగ్గర అమానతు.

డబ్బు ఇవ్వలేనివారు ఆటో నడపవచ్చు. మందుల దుకాణం ఉన్నవారు కట్టు సామాను కొన్న ధరకే ఇవ్వవచ్చు. నర్సింగ్ చదివిన మన ఆడపిల్లలు వారానికి ఒక పూట ఇవ్వవచ్చు. ఏమీ కుదరనివారు ఒక పని చేయండి. బైపాస్ అయిన మనిషిని చూడ్డానికి వెళ్ళినప్పుడు గుండె ఎలా ఉందని అడగండి, తరవాత కాలు ఎలా ఉందని కూడా అడగండి. ఆ ప్రశ్న అడిగితే దాచుకున్న గాయం బయటపడవచ్చు.

మంచాన ఉన్న ప్రతి రోగికీ అల్లాహ్ షిఫా ప్రసాదించుగాక. మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.